తీగలు కట్టుకుని పరుగు పాఠమా?

ప్రమాదం రాకముందే దాన్ని కళ్లకు కట్టి నేర్పుతానంటోంది వర్చువల్ రియాలిటీ. బాగానే ఉంది. కానీ పాఠం నేర్వాల్సిన ఒంటికి వైర్లు చుట్టి, ఆ వైరు కొస కంప్యూటర్‌కు కడితే కార్మికుడు నేర్చుకునేది ఏమిటి? సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామికవాడలు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇది.

2025 జూన్ 30 ఉదయం పాశమైలారంలోని సిగాచీ ఇండస్ట్రీస్ కర్మాగారం పేలిపోయింది. మందుబిళ్లల్లో కలిపే మైక్రోక్రిస్టలిన్ సెల్యులోజ్ పొడి అక్కడ తయారయ్యేది. యాభై మందికి పైగా కార్మికులు చనిపోయారు. చాలామంది ఎవరన్నది డీఎన్‌ఏ పరీక్షలు చేస్తే గానీ తెలియలేదు. అంతకు ఏడాది ముందు, 2024 ఏప్రిల్‌లో, ఇదే సంగారెడ్డి జిల్లా హత్నూర మండలం చందాపూర్‌లో ఎస్‌బీ ఆర్గానిక్స్‌లో పేలుడు జరిగి ప్రాణాలు పోయాయి. ఇలాంటి ఘటన జరిగినప్పుడల్లా కారణాల మీద విచారణ సాగుతుంది, కమిటీలు వస్తాయి, నష్టపరిహారం మీద చర్చ నడుస్తుంది. వాటన్నిటి వెనకాల ఓ చిన్న ప్రశ్న మిగిలిపోతుంది. లోపలున్న మనిషికి ఎటు పరుగెత్తాలో ముందే ఎవరైనా నేర్పారా?

నేర్పాలని చట్టం ఎప్పుడో చెప్పింది. భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించినప్పుడు, భద్రత విషయంలో శిక్షణ పొందడం కార్మికుడి హక్కుగా అందులో చేరింది. ఆచరణలో అది చాలాచోట్ల గంట సేపు ఇండక్షన్‌గా, గోడమీద బొమ్మగా, ఏడాదికోసారి జరిగే మాక్ డ్రిల్‌గా కుదించుకుపోయింది. ఒడిశా నుంచి, బిహార్ నుంచి, జార్ఖండ్ నుంచి వచ్చి నిన్న సాయంత్రం ఇస్నాపూర్‌లో గది తీసుకుని ఈ పొద్దున షిఫ్టులో చేరిన కాంట్రాక్టు కూలీకి తెలుగు బోర్డూ అర్థం కాదు, ఇంగ్లిష్ బోర్డూ అర్థం కాదు.

వర్చువల్ రియాలిటీ, అంటే వీఆర్, సరిగ్గా ఈ ఖాళీలోకే వస్తోంది. హెడ్‌సెట్ పెట్టుకోగానే ఎదురుగా రియాక్టర్ కనిపిస్తుంది, ప్రెజర్ గేజ్ ముల్లు ఎర్రగీత దాటుతుంది, పొగ కమ్ముతుంది. చదువు రాకపోయినా కంటికి తెలుస్తుంది. ప్రాణానికి ముప్పు లేకుండా పదిసార్లు తప్పు చేసి పదకొండోసారి ఒప్పు చేయొచ్చు. ప్రపంచవ్యాప్తంగా చమురు శుద్ధి కర్మాగారాలు, గనులు, విమానయాన సంస్థలు దీన్ని వాడుతున్నాయి. కాబట్టి వీఆర్ ఈ వాడలకు పనికొస్తుందా అన్న విషయంలో పెద్ద తగువు లేదు. తగువంతా కాళ్లూ చేతుల దగ్గరే ఉంది.

కళ్లు వెళ్తే సరిపోదు

హెడ్‌సెట్ మనిషి తలను మాత్రమే ఆ ప్రపంచంలోకి తీసుకెళ్తుంది. చేతుల్లో రెండు కంట్రోలర్లు పెడితే చేతులు కూడా వెళ్తాయి. నడుము, మోకాళ్లు, పాదాలు మాత్రం బయటే ఉండిపోతాయి. ఆట ఆడుకోవడానికి అంత చాలు. పొగ కింద నుంచి వంగి వెళ్లడం, నిచ్చెన మెట్టు మీద పాదం మోపడం, పైపు మీదుగా కాలు ఎత్తి దాటడం, డ్రమ్ము ఎత్తేటప్పుడు నడుము వంచాలా మోకాళ్లు వంచాలా అన్నది చూడటం లాంటివి నేర్పాలంటే ఒళ్లంతా లోపలికి రావాలి. ఏ అవయవం ఏ క్షణంలో ఎక్కడుందో కంప్యూటర్‌కు తెలియాలి. దీన్నే బాడీ ట్రాకింగ్ అంటున్నారు.

ఇందులో పాత దారి, ఇప్పటికీ పోటీలో ఉన్న దారి, వైర్లది. నుదురు, ఛాతీ, నడుము, భుజాలు, ముంజేతులు, అరచేతులు, తొడలు, పిక్కలు, పాదాలు ఇలా ఒంటిమీద పది నుంచి ఇరవై చోట్ల అగ్గిపెట్టెంత సెన్సర్లు బిగిస్తారు. ఒక సెన్సర్ నుంచి ఇంకోదానికి సన్నని వైరు పోతుంది. అన్నీ వచ్చి నడుముకు కట్టిన డబ్బాలో కలుస్తాయి. కొన్ని సూట్లలో ఆ డబ్బా సమాచారాన్ని గాల్లోకి పంపుతుంది, కొన్నింటిలో అక్కడి నుంచి మరో లావు కేబుల్ కంప్యూటర్‌కు వెళ్తుంది. పైన హెడ్‌సెట్‌కు ఉండే కేబుల్ అదనం. 2016లో మార్కెట్లోకి వచ్చిన హెచ్‌టీసీ వైవ్ హెడ్‌సెట్ కేబుల్ పొడవు 5 మీటర్లు. ఆ 5 మీటర్ల లోపలే శిక్షణ పొందేవాడి లోకమంతా.

కప్పుకు వేలాడిన మొదలు

ఈ కట్టుబాటు వీఆర్‌తోనే పుట్టింది. 1968లో అమెరికా శాస్త్రవేత్త ఇవాన్ సదర్లాండ్ తలకు తగిలించుకునే తొలి కంప్యూటర్ తెర తయారుచేసినప్పుడు, తల ఎటు తిరిగిందో తెలుసుకోవడానికి గది కప్పు నుంచి లోహపు కడ్డీ ఒకటి దింపి హెడ్‌సెట్‌కు బిగించారు. ఆ కడ్డీ ఒప్పుకున్నంత మేరే తల కదిలేది. సుమారు ఆరడుగుల వ్యాసం, మూడడుగుల ఎత్తు. తలమీద వేలాడే ఆ యంత్రానికి గ్రీకు కథలోని డామోక్లిస్ కత్తి పేరు స్థిరపడిపోయింది.

తర్వాతి అడుగు అయస్కాంత క్షేత్రానిది. అమెరికాలోని వెర్మాంట్‌లో ఉన్న పోల్హెమస్ సంస్థ గదిలో ఒక మూల చిన్న పెట్టె పెట్టి, దాన్నుంచి అయస్కాంత క్షేత్రాన్ని పుట్టించి, ఒంటిమీది సెన్సర్ ఆ క్షేత్రంలో ఎక్కడుందో లెక్కగట్టే పద్ధతిని తీసుకొచ్చింది. యుద్ధవిమానం నడిపేవాడి శిరస్త్రాణం ఎటు చూస్తోందో తెలుసుకోవడం దాని తొలి అవసరాల్లో ఒకటి. జారన్ లానియర్ స్థాపించిన వీపీఎల్ రీసెర్చ్ 1980ల చివర్లో ఈ సెన్సర్లకు వేళ్ల మడతలను పసిగట్టే ఫైబర్ తీగలను జోడించి డేటాగ్లవ్‌ను, ఆ వెంటే ఒంటినిండా తొడుక్కునే డేటాసూట్‌ను అమ్మింది. పత్రికల ముఖచిత్రాల మీద అది రేపటి దుస్తుల్లా మెరిసింది. తొడుక్కున్నవాళ్ల వెనక మాత్రం వైర్ల కట్ట వేలాడుతూనే ఉండేది.

2000ల తర్వాత ఫోన్లలో వాడే కదలిక చిప్పులు చవకయ్యాయి. నెదర్లాండ్స్ సంస్థ ఎక్స్‌సెన్స్ 17 సెన్సర్ల సూట్‌తో వచ్చింది. 2014లో చైనా సంస్థ నాయిటమ్ కిక్‌స్టార్టర్ ద్వారా పర్సెప్షన్ న్యూరాన్ పేరిట చవక సూట్‌కు నిధులు సేకరించింది. గదిలో మూల పెట్టె అవసరం పోయింది. కప్పుకు ఉన్న కడ్డీ పోయింది. ఒంటిమీది వైరు మాత్రం చాలా సూట్లలో ఉండిపోయింది.

పొగ కింద వంగినప్పుడు

ఈ వైరు శిక్షణ గదిలో ఏం చేస్తుందో దగ్గర నుంచి చూద్దాం. పాఠం మామూలుదే. సాల్వెంట్ లీకైంది. సైరన్ మోగింది. ప్రొడక్షన్ బ్లాక్‌లో ఉన్న ఆపరేటర్ వాల్వు మూసి, వెనక్కి తిరిగి, పొగ కింద వంగి, ఎడమవైపు తలుపు గుండా అసెంబ్లీ పాయింట్ చేరాలి.

ముందు కట్టుకోవడం. పట్టీలన్నీ బిగించి, వైర్లను బట్టల మీద పోనిచ్చి, నడుము డబ్బా తగిలించి, హెడ్‌సెట్ పెట్టి, చేతులు కిందికి వదిలి కదలకుండా కొన్ని క్షణాలు నిలబడాలి. ఒంటి కొలతలు, సెన్సర్ల దిశలు కంప్యూటర్ అప్పుడు గుర్తుపెట్టుకుంటుంది. పాఠం మొదలవుతుంది. వాల్వు మూస్తాడు. సైరన్. వెనక్కి తిరుగుతాడు. హెడ్‌సెట్ కేబుల్ భుజం మీదుగా ముందుకు వస్తుంది. వంగుతాడు. నడుము కేబుల్ మోకాలి కిందకు జారుతుంది. మోకాలు మోపితే కనెక్టర్ మీద పడుతుంది కాబట్టి మోకాలు మోపడు. తిన్నగా పోకుండా కేబుల్‌ను కాలితో పక్కకు నెట్టి పోతాడు. మళ్లీ తిరగాల్సి వచ్చినప్పుడు, దగ్గర దారి ఎడమవైపే అయినా, కాలికి చుట్టుకున్న వైరు విప్పుకోవడానికి కుడివైపు తిరుగుతాడు. వెనకాల ఒక మనిషి కేబుల్ పట్టుకుని అతని చుట్టూ తిరుగుతుంటాడు. వైరు లాగినట్టు అనిపించిన ప్రతిసారీ అడుగు ఆగుతుంది.

రెండో రోజుకు ఆ ఆపరేటర్ చక్కగా చేస్తాడు. స్కోరు బాగా వస్తుంది. కానీ అతను నేర్చుకున్నది ఏమిటి? మెల్లగా తిరగడం. వచ్చిన దారినే వెనక్కి తిరగడం. మోకాలు నేలకు ఆనించకపోవడం. లాగినట్టు అనిపిస్తే ఆగిపోవడం. నిజమైన లీకేజీలో ఈ నాలుగూ ప్రాణం తీసే అలవాట్లు. ఒంటికి వచ్చిన అలవాటు చెబితే పోదు. భయంలో మెదడు పక్కకు తప్పుకుంటుంది, ఒళ్లు తనకు తెలిసిన దారినే పోతుంది. అందుకే విమాన శిక్షకులు సిమ్యులేటర్ల విషయంలో ఒక మాట గట్టిగా పట్టుకుంటారు. నేర్పకపోవడం కంటే తప్పుగా నేర్పడం ప్రమాదకరం.

దూరం సంగతి ఇంకోటి. అసెంబ్లీ పాయింట్ 60 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. 5 మీటర్ల కేబుల్‌తో 60 మీటర్లు పరుగెత్తలేరు. అందుకని చాలా శిక్షణ సాఫ్ట్‌వేర్లలో కంట్రోలర్ మీట నొక్కితే మనిషి ఉన్నచోటి నుంచి మాయమై పది అడుగుల అవతల తేలతాడు. పలుపు తాడు పొడవును బట్టే మేత అన్నట్టు, కేబుల్ పొడవును బట్టే పాఠం. అసలు ప్లాంటులో ఆ 60 మీటర్లే పాఠం. మాస్కు వెనక ఊపిరి ఎంతసేపు ఆడుతుంది, మధ్యలో ఎన్ని గడపలు, ఏ మలుపులో పాలెట్లు అడ్డం పెడతారు అన్నది కాళ్లకు తెలియాలి. బొటనవేలికి తెలిస్తే సరిపోదు.

వైరు లాగిన క్షణంలో మనసు కూడా జారిపోతుంది. ఎదురుగా మంట కనిపిస్తున్నా, తానున్నది ఏసీ గదిలోనే అన్న సంగతి గుర్తొస్తుంది. వీఆర్ పరిశోధకులు ఈ జారుడును చాలాకాలంగా పట్టించుకుంటున్నారు. లండన్‌లో మెల్ స్లేటర్, ఆంథొనీ స్టీడ్ 2000లోనే, మనిషి ఆ లోకం నుంచి ఈ లోకంలోకి ఎన్నిసార్లు తెగిపడుతున్నాడో లెక్కపెట్టే పద్ధతిని ప్రతిపాదించారు. లోపల ఉన్నానన్న నమ్మకమే వీఆర్ పెట్టుబడి. తీగ దాన్ని కొద్దికొద్దిగా తినేస్తుంది.

ఇనుప వాడలో అయస్కాంతం

సాఫ్ట్‌వేర్ కంపెనీ గదిలో పనిచేసే సూట్ పటాన్‌చెరు షెడ్డులో అలాగే పనిచేస్తుందన్న హామీ లేదు. కారణం ఇనుము.

గదిలో అయస్కాంత క్షేత్రాన్ని పుట్టించే పాత పద్ధతిలో క్షేత్రం దూరం పెరిగేకొద్దీ చాలా వేగంగా బలహీనపడుతుంది. దూరం రెట్టింపైతే బలం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. మధ్యలో లోహం ఉంటే అందులో సుడి విద్యుత్తు పుట్టి క్షేత్రం వంకర తిరుగుతుంది. ఫలితంగా వాల్వు మీద పెట్టిన చెయ్యి తెరమీద వాల్వుకు జానెడు పక్కన కనిపిస్తుంది. యుద్ధవిమానాల వాళ్లు ఈ చిక్కును ఎలా దాటారంటే, కాక్‌పిట్‌లో ఏ లోహం ఎక్కడుందో ముందే కొలిచి పటం గీసుకున్నారు. కాక్‌పిట్‌లో లోహం కదలదు. కర్మాగారంలో అలా కుదరదు. ఫోర్క్‌లిఫ్టు వచ్చి పక్కన ఆగుతుంది, డ్రమ్ములు మారుతుంటాయి, ట్రాలీలు పోతుంటాయి.

కొత్త చిప్పుల సూట్‌కు వచ్చే చిక్కు వేరు. ఒక్కో సెన్సర్‌లో ఊపును, తిరుగుడును కొలిచే భాగాలు ఉంటాయి. తిరుగుడు లెక్క కాలం గడిచేకొద్దీ కొంచెం కొంచెంగా పక్కకు జరుగుతుంది. దాన్ని సరిదిద్దడానికి చాలా సెన్సర్లలో దిక్సూచి లాంటి చిప్పు కూడా పెడతారు. ఉత్తరం ఎటో తెలిస్తే ఒళ్లు ఎటో తెలుస్తుంది. కానీ కాళ్ల కింద కాంక్రీటులో ఇనుప చువ్వలు, పక్కన స్టీలు స్తంభం, గోడ అవతల మోటారు, పైన కేబుల్ ట్రే ఉన్న చోట దిక్సూచికి ఉత్తరం ఎటో తెలియదు. నేలకు దగ్గరగా ఉండే పాదాల సెన్సర్లే ముందు దారి తప్పుతాయి. తెరమీద కార్మికుడి కాలు తనంతట తానే మెల్లగా పక్కకు మెలితిరుగుతుంది. కొత్త సాఫ్ట్‌వేర్లు దిక్సూచిని పక్కన పెట్టి మోకాలి కీలు ఎంతవరకు వంగగలదో అన్న లెక్కతో సర్దుకుంటున్నాయి. అయినా మధ్యమధ్య ఆగి మళ్లీ నిలబడి సరిచేసుకోవాల్సిందే.

దీనివల్ల ఇంకో మంచి అవకాశం పోతుంది. పాత రియాక్టర్ మూతో, తుక్కుకు వేసిన వాల్వో శిక్షణ గదిలో నిజంగా బిగించి, హెడ్‌సెట్‌లో కనిపించే వాల్వు మీద చెయ్యి వేస్తే చేతికి నిజమైన ఇనుము తగిలేలా చేస్తే పాఠం ఒంటికి పట్టేది. ఈ వాడలో అలాంటి తుక్కుకు కొదవ లేదు. అయస్కాంతాన్ని నమ్ముకున్న ట్రాకింగ్ ఆ తుక్కును దగ్గరికి రానివ్వదు.

చెమట, కొలతలు, మర్యాద

ఏప్రిల్, మే నెలల్లో సంగారెడ్డి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల షెడ్డులో, సింథటిక్ పట్టీలు కట్టుకుని, ముఖానికి స్పాంజి ఆనించుకుని పది నిమిషాలు కసరత్తు చేస్తే చెమట ధారకడుతుంది. పట్టీ రెండు వేళ్ల మేర జారితే చాలు, ముందు తీసుకున్న కొలత చెడిపోతుంది. ఉప్పుచెమట కనెక్టర్లలోకి దిగుతుంది. ఏ, బీ, సీ షిఫ్టుల వాళ్లకు ఒకే సూట్ అయితే, ఒకరి చెమట ఆరకముందే ఇంకొకరు తొడుక్కోవాలి. ఉతకాలంటే ముందు సెన్సర్లు, వైర్లు అన్నీ ఊడదీసి, ఉతికాక మళ్లీ అదే వరుసలో పెట్టాలి. ఆ పని ఎవరిదన్నది కొనుగోలు కాగితాల్లో కనిపించదు. మందుల కంపెనీల్లో సంగతి ఇంకా సున్నితం. ప్రొడక్షన్ బ్లాక్ నుంచి వచ్చినవాడి ఒంటిమీద మందుపొడి ఉంటుంది. బ్లాకు బ్లాకుకూ వేరే దుస్తులు వేయించే చోట, నాలుగు బ్లాకుల వాళ్లు ఒకే సూట్ వేసుకోవడాన్ని క్వాలిటీ విభాగం ఎందుకు ఒప్పుకోవాలి?

ప్యాకింగ్ విభాగాల్లో ఆడవాళ్లు చాలామంది పనిచేస్తారు. తొడకు, ఛాతీ కింద, నడుముకు పట్టీలు బిగించాలి. చీర మీద అది కుదరదు. చుడీదార్ మీద కూడా కుచ్చెళ్లు, చున్నీ అడ్డం. వేరే దుస్తులు ఇవ్వాలి, మార్చుకోవడానికి గది ఇవ్వాలి, బిగించడానికి మహిళా శిక్షకురాలు ఉండాలి. ఇవేవీ లేనిచోట ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. ఆడవాళ్లకు వీడియో చూపించి సంతకం పెట్టించుకుంటారు. భద్రతా శిక్షణలో రెండు తరగతులు అలా పుట్టుకొస్తాయి.

కరెంటు సంగతీ చెప్పుకోవాలి. సూట్‌లో పారేది చాలా తక్కువ వోల్టేజీ. దానంతట అది హాని చెయ్యదు. కానీ వైరు అవతలి కొస ఉన్నది కంప్యూటర్. ఎర్తింగ్ సరిగా లేని సాకెట్‌కు తగిలిస్తే కంప్యూటర్ బాడీ ముట్టుకున్నప్పుడు చేతికి జివ్వుమంటుందని పల్లెలో ఇంటర్నెట్ సెంటర్ నడిపినవాడికి కూడా తెలుసు. చెమటతో తడిసిన ఒంటిని ఆ యంత్రానికి కలిపేముందు ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ కొలిపించడం తప్పనిసరి.

షిఫ్టు లెక్క

ఒక్కొక్కరికి కట్టుకోవడానికి, సరిచూసుకోవడానికి, పాఠానికి, విప్పడానికి కలిపి అరగంట అనుకుందాం. ఆగకుండా నడిపినా 8 గంటల షిఫ్టులో 16 మంది. 400 మంది ఉన్న కంపెనీలో అందరికీ ఒక్కసారి నేర్పాలంటే 25 షిఫ్టులు. ఆలోగా కాంట్రాక్టరు తెచ్చిన మనుషుల్లో ఎంతమంది ఊరెళ్లిపోతారో, ఎంతమంది కొత్తవాళ్లు వస్తారో చెప్పలేం. పైగా ఆ అరగంట కూలి ఎవరివ్వాలన్న దగ్గరే చాలా శిక్షణలు ఆగిపోతాయి. యజమాని కాంట్రాక్టరు వైపు చూస్తాడు, కాంట్రాక్టరు మేస్త్రీ వైపు చూస్తాడు.

మరమ్మతు ఇంకో తలనొప్పి. సెన్సర్లు ఒకదాని వెనక ఒకటి గొలుసులా కలిసే సూట్లలో, మోచేతి దగ్గర ఒక్క కనెక్టర్ వదులైతే అక్కడి నుంచి వేళ్ల దాకా చెయ్యంతా తెరమీద మాయమవుతుంది. రోజుకు పదహారుసార్లు తొడిగి విప్పే చోట ముందు పోయేది కనెక్టరే. ఆ చిన్న వైరు బజార్లో దొరకదు. విదేశం నుంచి రావాలి. అది వచ్చేదాకా సూట్ బీరువాలో ఉంటుంది, శిక్షణ జరిగినట్టు రిజిస్టర్‌లో ఉంటుంది.

తీగకూ న్యాయం చెయ్యాలి

వైరును పూర్తిగా తీసిపారేయడం సబబు కాదు. దానికి బ్యాటరీ అయిపోదు. సమాచారం ఆలస్యం కాదు. తల తిప్పిన తర్వాత బొమ్మ తిరగడానికి సెకనులో యాభయ్యో వంతు దాటితే చాలామందికి కడుపులో తిప్పుతుంది. వైరు ఆ గండాన్ని సులువుగా గట్టెక్కిస్తుంది. వైఫై, బ్లూటూత్, వాకీటాకీలు అన్నీ ఒకేసారి మోగే చోట వైర్‌లెస్ సెన్సర్లు తడబడతాయి. వైరు తడబడదు.

కూర్చుని చేసే పనులకు, నిలబడినచోటే చేసే పనులకు వైరు హాయిగా సరిపోతుంది. క్రేన్ క్యాబిన్, కంట్రోల్ రూమ్, ఎలక్ట్రానిక్స్ అసెంబ్లీ బల్ల అలాంటివి. ఇంకా ముఖ్యంగా, అసలు పనిలోనే వైరు ఉన్నచోట శిక్షణలో వైరు అబద్ధం కాదు. రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లోనో, ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారంలోనో వెల్డర్ చేతి టార్చికి కేబుల్ ఉంటుంది. ఆ బరువును మోస్తూ, కాలికి అడ్డం పడకుండా చూసుకుంటూ గీత తిన్నగా వెయ్యడమే అతని పనితనం. గొట్టంతో గాలి అందే మాస్కు పెట్టుకుని ట్యాంకులోకి దిగేవాడి సంగతీ అంతే. వెనక గొట్టం ఉందన్న ఎరుక అతని ప్రాణరక్షణలో భాగం. అలాంటి పాఠాల్లో వైరు కూడా ఒక గురువే. ఖాళీ చేతులతో, ఖాళీ కాళ్లతో బయటపడాల్సిన పాఠంలోకి దాన్ని తెచ్చినప్పుడే పేచీ.

వైరు తీసేస్తే అన్నీ తీరతాయా?

హైదరాబాద్ సినిమా పరిశ్రమ ఈ చిక్కును కెమెరాలతో పరిష్కరించుకుంది. 2025లో అన్నపూర్ణ స్టూడియోస్, మిహిరా విజువల్ ల్యాబ్స్ కలిసి పెట్టిన మోషన్ క్యాప్చర్ ల్యాబ్‌ను దర్శకుడు రాజమౌళి ప్రారంభించారు. అలాంటి ల్యాబ్‌లలో నటుడి బట్టల మీద చిన్న చిన్న మెరిసే గుండ్లు అతికిస్తారు. చుట్టూ ఉన్న కెమెరాలు వాటిని చూస్తాయి. ఒంటికి వైరు ఉండదు. దొర్లొచ్చు, దూకొచ్చు. కానీ ఆ ఏర్పాటు ఖర్చు సినిమా బడ్జెట్‌కు తగ్గది. పైగా పైపుల ర్యాక్ కిందకు దూరినవాడు కెమెరాలకు కనిపించడు.

2019లో వచ్చిన ఓక్యులస్ క్వెస్ట్ తర్వాత హెడ్‌సెట్ కేబుల్ అవసరం చాలావరకు తగ్గింది. కెమెరాలు హెడ్‌సెట్‌లోనే ఉంటాయి. అవి చుట్టూ గదిని చూసి మనిషి ఎక్కడున్నాడో తెలుసుకుంటాయి. అందుకే అద్దంలా మెరిసే స్టీలు పాత్రలు, మచ్చ లేని తెల్ల గోడలు, మసక వెలుతురు వాటికి గిట్టవు. పెద్ద హాల్లో గోడలకు రంగురంగుల గుర్తులు అంటిస్తే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. కాళ్ల సంగతి మాత్రం జాగ్రత్తగా అడగాలి. క్వెస్ట్ 3 లాంటి హెడ్‌సెట్లు కాళ్లను చూడవు. తల, చేతుల కదలికను బట్టి కాళ్లు ఇలా ఉండి ఉంటాయని ఊహించి బొమ్మ గీస్తాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. నిచ్చెన మీద పాదం సరిగా పడిందా అన్న పరీక్షకు ఆ ఊహ ఎందుకూ కొరగాదు. దానికి పాదాలకు విడిగా వైర్‌లెస్ ట్రాకర్లు కావాలి. వాటికి ఛార్జింగ్ కావాలి. సీ షిఫ్టులో ఛార్జింగ్ పెట్టే మనిషి కావాలి.

వైరు పోయినచోట కనిపించని ఇంకో కట్టు కూడా ఉంది. కదలికలు మనిషిని పట్టిస్తాయి. 2023లో అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ పరిశోధకులు ఒక వీఆర్ ఆట ఆడిన 50 వేల మందికి పైగా ఆటగాళ్ల తల, చేతుల కదలికలను పరిశీలించారు. 100 సెకన్ల కదలిక చాలు, నూటికి 94 మందికి పైగా ఎవరు ఎవరో కంప్యూటర్ చెప్పేసింది. ఒంటినిండా సెన్సర్లు పెడితే తెలిసేది ఇంకా ఎక్కువ. ఎవరికి మోకాలి నొప్పి ఉంది, ఎవరి చెయ్యి వణుకుతోంది, ఎవరు నెమ్మది అన్నదంతా నమోదవుతుంది. రేపు పనికి పిలవాలా వద్దా అని కాంట్రాక్టరు నిర్ణయించే చోట ఈ రికార్డు ఎవరి చేతికి పోతుందన్నది చిన్న విషయం కాదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉద్యోగ అవసరాల పేరిట యజమానులకు కొంత వెసులుబాటు ఇచ్చింది. అందువల్ల శిక్షణ రికార్డు శిక్షణకే పరిమితమని రాతపూర్వకంగా అడిగి తీసుకోవాల్సింది కార్మిక సంఘాలే.

కొనేముందు అడగాల్సినవి

పాఠం ఏ అవయవానిది? చేతులదైతే ఒంటినిండా సూట్ దండగ. కాళ్లదైతే కాళ్లకు వైరు వద్దు.

శిక్షణ ఎక్కడ? మంటలంటుకునే సాల్వెంట్ ఉన్న బ్లాకుల్లోకి ఈ ఎలక్ట్రానిక్స్ రాకూడదు. వేరే భవనంలో, ఖాళీ హాల్లో పెట్టాలి. అమ్మేవాడి షోరూమ్‌లో కాకుండా ఆ హాల్లోనే, పక్కన మోటార్లు నడుస్తుండగా పరీక్షించి చూపించమనాలి.

భాష ఏది? తెలుగుతో పాటు హిందీ, ఒడియా, బెంగాలీ గొంతులు ఉండాలి. హెడ్‌సెట్ బొమ్మ చూపినా, ఆజ్ఞ వినిపించేది మాటే.

ఎవరు కడతారు, ఎవరు ఉతుకుతారు, కనెక్టర్ పోతే ఎన్ని రోజుల్లో వస్తుంది? ఈ మూడింటికీ ఒప్పందంలో జవాబు ఉండాలి.

ఆడవాళ్లు వేసుకోగలరా? జవాబు లేకపోతే ఆ సూట్ సగం మందికే.

ఈ ప్రశ్నలు వేసి, పరీక్షించి చెప్పగల చోటు మనకు దూరంలో లేదు. ముంబయి రహదారి మీద కందిలో ఐఐటీ హైదరాబాద్ ఉంది. 2008లో అది తొలి తరగతులు నడిపింది ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ఆవరణలోనే. కర్మాగారం పక్కన పుట్టిన విద్యాసంస్థ అది. అక్కడ ఇంజనీరింగ్ విభాగాలతో పాటు డిజైన్ విభాగం కూడా ఉంది. నాలుగైదు చిన్న కంపెనీలు కలిసి ఒక ఉమ్మడి శిక్షణ హాలు పెట్టుకుని, ఏ పరికరం ఈ ఎండకు, ఈ ఇనుముకు, ఈ మనుషులకు పనికొస్తుందో అక్కడి వాళ్లతో తేల్పించుకుంటే, ఒక్కో కంపెనీ విడివిడిగా బీరువాలో పెట్టుకునే సూట్ కంటే చవక.

అప్పటిదాకా చేతిలో ఉన్న పద్ధతిని తక్కువ చెయ్యొద్దు. నెలకోసారి సైరన్ మోగించి, షిఫ్టు మొత్తాన్ని నిజంగా గేటు దాకా పరుగెత్తించి, ఎంతసేపు పట్టిందో రాసుకోవడానికి సెన్సర్లు అక్కర్లేదు. దారిలో అడ్డం పెట్టిన డ్రమ్ములు, తాళం వేసిన తలుపు, వెలగని ఎగ్జిట్ బోర్డు ఆ పరుగులోనే బయటపడతాయి. ఏ హెడ్‌సెట్టూ వాటిని చూపించదు, ఎందుకంటే బొమ్మ గీసినవాడు తలుపు తెరిచే ఉంటుందనుకుని గీస్తాడు. వీఆర్ ఆ డ్రిల్లుకు తోడు రావాలి, దాని బదులుగా కాదు. సూట్ అమ్మడానికి వచ్చిన కంపెనీ ప్రతినిధికి సేఫ్టీ ఆఫీసర్ పెట్టాల్సిన పరీక్ష కూడా అదే. దాన్ని మీరే కట్టుకుని, ఈ హాలు ఆ చివరిదాకా ఒక్క పరుగు తీసి చూపించండి అనాలి. తీయలేకపోతే బేరం అక్కడితో సరి.